బస్సు దిగకుండా కూర్చోవడం నేర్చుకున్నాను

ఈసీజీ నార్మల్‌గా ఉందని డాక్టరు చెబితే ఎవరైనా స్థిమితపడతారు. నాకు మాత్రం ఆ మాటతో భయం ఇంకా ముదిరింది. గుండె బాగానే ఉంటే బస్సులో నాకు వచ్చిందేంటి? ఎవరికీ అంతుపట్టని జబ్బేదో ఉందన్నమాట, అనుకున్నాను. అది పానిక్ ఎటాక్ అని, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం అని తర్వాతెప్పుడో గానీ తెలియలేదు.

నేను విశాఖ పోర్టు ఏరియాలో ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో పనిచేస్తాను. ఇల్లు గోపాలపట్నంలో. ఎన్ఏడీ, మర్రిపాలెం, కంచరపాలెం మీదుగా రోజూ సిటీ బస్సులోనే రాకపోకలు. ఆ నెల ఓడలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కాగితాల్లో చిన్న తేడా వచ్చి సరుకు ఆగిపోతే పార్టీకి డెమరేజీ (ఆలస్యానికి కట్టే రుసుము) పడుతుంది, మాకు తిట్లు పడతాయి. పొద్దుపోయేదాకా ఆఫీసులో ఉండటం, టీలతో కడుపు నింపుకోవడం, ఇంటికొచ్చాక నిద్ర పట్టకపోవడం. పైగా మా నాన్నగారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నారు. అది గుండెపోటు. ఈ సంగతికీ నాకొచ్చినదానికీ సంబంధం ఉందని చాలా రోజులదాకా నాకు తట్టనే లేదు.

కంచరపాలెం మెట్టు దాటాక బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. మే నెల, ఒకటే ఉక్క, కాలు పెట్టడానికి చోటు లేదు. ఉన్నట్టుండి గుండె దడదడలాడటం మొదలైంది. ఛాతీ బిగుసుకుంది. ఊపిరి ఎంత పీల్చినా చాలడం లేదు. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ళ చివర్లలో సూదులు గుచ్చుతున్నట్టు పోట్లు. చూస్తుండగానే వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. ఫోను తీద్దామంటే పర్సు జిప్పు పట్టుకోవడం కూడా నావల్ల కాలేదు. చుట్టూ ఉన్న మనుషులు, వాళ్ళ మాటలు ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టున్నాయి. నాన్న గుర్తొచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను.

ఎవరో లేచి సీటిచ్చారు, ఎవరో నీళ్ళు తాగించారు, కండక్టరు బస్సు ఆపించి ఆటో ఎక్కించాడు. హాస్పిటల్‌కి చేరేసరికి సగానికి సగం తగ్గిపోయింది. క్యాజువాలిటీలో పడుకోబెట్టి వైర్లు తగిలిస్తుంటే, ఊరికే వచ్చి వీళ్ళ టైము పాడు చేస్తున్నానేమో అని సిగ్గేసింది.

ఈసీజీ, గుండెపోటు తెలిసే ట్రోపోనిన్ రక్తపరీక్ష, మర్నాడు ఎకో అనే గుండె స్కాన్, తర్వాత థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్. అన్నీ బాగున్నాయి. గ్యాస్ మాత్రలు రాసి పంపేశారు. నాన్న విషయంలో గ్యాస్ అనుకుని ఏం జరిగిందో చూసినదాన్ని, నాకు గ్యాస్ అంటే నమ్మకం ఎలా కుదురుతుంది? మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో హాస్పిటల్, మళ్ళీ అవే పరీక్షలు, ఈసారి ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే టీఎంటీ అదనం. రెండుచోట్లా ఒక్కరు కూడా "ఇది భయంతో వచ్చేది కావచ్చు" అనలేదు. అలా అనడానికి మిషను కూడా అక్కర్లేదు కదా! మా అమ్మ మాత్రం తన పరీక్ష తను చేసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి, "ఘాటే రాలేదు చూడు, ఎంత దిష్టి తగిలిందో" అంది. చేతికి తాయెత్తు కట్టింది.

అసలు మాట చెప్పింది మా వీధి చివర క్లినిక్ డాక్టరుగారు. ఫైలు మొత్తం తిరగేసి, "గుండెకి ఏమీ లేదమ్మా, ఇవి పానిక్ ఎటాక్స్. ఒకసారి సైకాలజిస్టుని కలువు" అన్నారు. నేను గుటకలు మింగాను. వైజాగ్‌లో పెరిగినవాళ్ళకి తెలుసు, చినవాల్తేరులో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చిన్నప్పటి నుంచీ ఒకర్నొకరు వెక్కిరించుకోవడానికే వాడాం. ఆ వెక్కిరింత నా మీదకే వస్తుందని బెరుకు. చివరికి సీతమ్మధారలో ఒక మేడమ్ దగ్గరికి వెళ్ళాను, ఆఫీసులో మాత్రం పన్ను నొప్పి అని చెప్పి.

ఆవిడ నా ఫైలు పక్కన పెట్టి, బస్సులో మొదట శరీరంలో ఏం తెలిసింది, వెంటనే మనసులో ఏమనుకున్నారు, ఆ తర్వాత ఏమైంది అని వరసగా అడిగి కాగితం మీద రాశారు. ఉక్క, నిద్రలేమి, టీ వల్ల గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. "నాన్నకి వచ్చినట్టే వచ్చింది" అనుకున్నాను. భయం వేసింది. భయానికి గుండె ఇంకా వేగం పెంచింది. అది చూసి నా అనుమానం రూఢి అయింది. రాసిన మాటలన్నిటినీ బాణాలతో కలిపితే గుండ్రంగా ఒక చక్రం తయారైంది. ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు 1986లో ప్రతిపాదించిన పద్ధతి ఇదేనట. శరీరంలో వచ్చే మామూలు మార్పుని ప్రాణం మీదకి వచ్చిందని అర్థం చేసుకోవడం దగ్గరే పానిక్ పుడుతుందని ఆయన చెప్పిన మాట.

నాకు బాగా పనికొచ్చింది, ఒక్కో లక్షణం ఎందుకు వస్తుందో ఆవిడ విడమరిచి చెప్పడం. ప్రమాదం అని మెదడు అనుకోగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. పారిపోవడానికో తిరగబడటానికో కావలసిన ఏర్పాట్లన్నీ శరీరం చేసేస్తుంది. గుండె వేగం, చెమట, కండరాల బిగువు అన్నీ అందులో భాగమే. ఊపిరి వేగం పెరుగుతుంది. కానీ మనం పరిగెత్తడం లేదు, బస్సులో కూర్చుని ఉన్నాం. దాంతో అవసరానికి మించి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. అది తగ్గితే మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కాస్త సన్నబడతాయి, అందుకే కళ్ళు తిరగడం, లోకం దూరమైనట్టు ఉండటం. రక్తంలో ఆమ్ల క్షార సమతూకం మారి, విడిగా తిరిగే కాల్షియం తగ్గుతుంది. అందుకే తిమ్మిర్లు, వేళ్ళు ముడుచుకుపోవడం. ఆ ముడుచుకున్న వేళ్ళే నాకు అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం, పక్షవాతం వచ్చేస్తోందనడానికి. కారణం తెలిశాక ఆ సాక్ష్యం చెల్లకుండా పోయింది.

ఇంకొకటి. ఊపిరి చాలడం లేదనిపిస్తుంది గానీ రక్తంలో ఆక్సిజన్‌కి లోటుండదు. పడిపోతానేమో అనిపిస్తుంది గానీ, స్పృహ తప్పడానికి సాధారణంగా బీపీ పడిపోవాలి. పానిక్‌లో పెరుగుతుంది. అందుకే అంతమంది తూలిపోతున్నామని చెబుతారు, నిజంగా పడిపోయేవాళ్ళు చాలా అరుదు. అదీ గాక ఎటాక్ నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది, చాలామందికి పదినిమిషాల లోపే. ఆ తర్వాత మనం ఏం చేసినా చేయకపోయినా దిగడం మొదలవుతుంది. నేను హాస్పిటల్ చేరేసరికి తగ్గిపోతోందంటే హాస్పిటల్ మహిమ కాదు, దాని టైము అయిపోయింది, అంతే.

తుఫాను లేకుండానే హార్బర్‌లో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తున్నారన్నమాట, అన్నాను. మేడమ్ నవ్వి, "ఎగరేస్తే పరవాలేదు, మీరు దాన్ని చూసి చేపల వేటకెళ్ళడమే మానేశారు" అన్నారు.

నిజమే. ముందు బస్సు మానేశాను, ఆటోలకి జీతం కరిగిపోయేది. తర్వాత ఆదివారం సాయంత్రాలు ఆర్కే బీచ్ మానేశాను, జనం ఎక్కువని. జగదాంబ వైపు సినిమాకి వెళ్ళినా వరస చివరి సీటు దొరికితేనే. లిఫ్టు మానేశాను. మెట్లెక్కితే గుండె కొట్టుకుంటుంది కాబట్టి మెట్లూ మానేశాను, అంటే ఆఫీసులో పైఅంతస్తు పని ఎవరికో అప్పగించడం. పర్సులో నీళ్ళ సీసా, ఓఆర్ఎస్ పొట్లం, గ్యాస్ మాత్రలు, దగ్గర్లో ఏ హాస్పిటల్ ఉందో చూసుకోవడానికి ఫుల్ చార్జింగ్‌తో ఫోను. ఎటాక్ వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఎటాక్ వస్తుందేమోనన్న కాపలా మాత్రం ఇరవైనాలుగు గంటలూ. నా జీవితాన్ని ఇరుకు చేసింది ఈ కాపలానే.

ఊపిరి సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇచ్చే సలహా అదే. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అంటారు. అసలే ఎక్కువ పీల్చి తిమ్మిర్లు తెచ్చుకున్న మనిషికి ఇంకా పీల్చమనడం! చెయ్యాల్సింది నెమ్మదిగా వదలడం. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చి, ఆరు అంకెలసేపు వదలడం. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే, భుజాలు ఎగరకుండా పొట్టే కదులుతోందో లేదో తెలుస్తుంది. నిమిషానికి ఆరు ఊపిరులు వస్తాయి. ఇది ఎటాక్ వచ్చినప్పుడు మొదలుపెడితే రాదు. బాగున్నప్పుడు, రోజూ కాసేపు, అన్నం కుక్కర్లో పెట్టి నిలబడినప్పుడైనా సరే, అలవాటు చేసుకోవాలి. పేపరు సంచిలో ఊపిరి పీల్చే పద్ధతి మాత్రం వద్దన్నారు. అది నిజంగా ఆస్తమానో గుండెపోటో అయితే ప్రాణం మీదకి వస్తుంది.

కండరాలు ఒక్కొక్కటే బిగించి వదిలే పద్ధతి కూడా నేర్పారు, 1920లలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ డాక్టరు తయారుచేసింది. పాదాల నుంచి మొదలుపెడితే నడుము దాకా వచ్చేసరికి నాకు నిద్ర పట్టేసేది. నిద్ర కోసం ఇప్పటికీ వాడతాను. చుట్టూ కనిపించే ఐదు వస్తువులు, వినిపించే శబ్దాలు లెక్కపెట్టమనే చిట్కా మాత్రం నాకు పెద్దగా పని చెయ్యలేదు. ఆఫీసులో రోజంతా లెక్కలేగా!

అయితే ఊపిరి వ్యాయామం బాగా వంటబట్టాక మేడమ్ ఇంకో మాట అన్నారు: "బస్సులో ఎటాక్ వస్తే దీన్ని వాడకుండా ఉండి చూడండి." నాకు కోపం వచ్చింది. నేర్పింది మీరే కదా! ఆవిడ లెక్క ఏంటంటే, ఎటాక్ తగ్గిన ప్రతిసారీ ఊపిరి వల్లే బతికానని, సీసాలో నీళ్ళ వల్లే బతికానని, తాయెత్తు వల్లే బతికానని నా మెదడు నమ్ముతుంది. ప్రమాదమే లేదన్న సంగతి దానికి ఎప్పటికీ తెలియదు. ఏ ఆసరా లేకుండా దాన్ని పూర్తిగా రానిచ్చి పోనిస్తేనే తెలుస్తుంది.

అక్కడి నుంచి అసలు పని మొదలైంది. భయపెట్టే లక్షణాలని కావాలని తెచ్చుకోవడం. తిరిగే కుర్చీలో కూర్చుని కళ్ళు తిరిగేదాకా తిరగడం. కొబ్బరిబొండంలో వేసే స్ట్రా నోట్లో పెట్టుకుని, ముక్కు మూసుకుని ఊపిరి తీయడం. ఉన్నచోటే పరిగెత్తి గుండె దడ తెప్పించుకోవడం. మొదట ఆవిడ ఎదురుగా, తర్వాత ఇంట్లో. గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్ళూ గర్భిణులూ వీటిని సొంతంగా చెయ్యకూడదు. నా చేత చేయించే ముందు కూడా నా రిపోర్టులు అడిగి చూశారు, పక్కన పెట్టిన ఆ ఫైలు చివరికి అలా అక్కరకొచ్చింది.

స్ట్రా వ్యాయామం అన్నిటికన్నా కష్టం. అరనిమిషం కాకముందే ఛాతీ బిగుసుకుంటుంది, మెడ దగ్గర నాడి కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తుంది, చెయ్యి దానంతటదే స్ట్రా లాగేయబోతుంది. ఆ చేతిని ఆపి, ఇంకో పది లెక్కపెట్టి, అప్పుడు తియ్యాలి. తీశాక భయం పదికి ఎంత అని నోట్‌బుక్‌లో రాయాలి. మొదట్లో తొమ్మిదులు, ఎనిమిదులు. చేస్తూ చేస్తూ పోతే అంకె కిందికి దిగింది. లక్షణాలు అవే, అంతే గట్టిగా ఉన్నాయి. వాటికి బెదిరిపోవడం తగ్గింది. ఇక కుర్చీ వ్యాయామం రోజు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏటే ఇది, బుర్ర తిరిగిందేటి?" అంది. అవునమ్మా, అందుకే తిప్పుతున్నాను అన్నాను. చాలా నెలల తర్వాత ఇద్దరం కడుపారా నవ్వాం.

బస్సు ప్రయాణాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టుకున్నాం. మొదట మా ఆయన తోడుగా ఎండ లేని వేళ గోపాలపట్నం నుంచి ఎన్ఏడీ దాకా. తర్వాత ఒంటరిగా. తర్వాత మర్రిపాలెం దాటి. తర్వాత ఆఫీసు వేళ రద్దీలో, నీళ్ళ సీసా ఇంట్లో వదిలేసి. అప్పటికింకా ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు రాలేదు, టికెట్ కొని మరీ భయపడటానికి వెళ్ళేదాన్ని. నియమం ఒక్కటే: భయం వేసిందని మధ్యలో దిగకూడదు. దిగిన క్షణం కలిగే హాయి ఉంది చూశారూ, అదే తర్వాతి ఎటాక్‌కి పెట్టుబడి.

పెద్ద పరీక్ష మళ్ళీ కంచరపాలెం మెట్టు దగ్గరే. ముందు లారీ ఏదో ఆగిపోయి బస్సు కదలడం లేదు. వీపు మీద చెమట జారుతోంది, ఛాతీ బిగుసుకుంది, వచ్చేసింది. డోరు రెండడుగుల దూరంలో ఉంది. దిగి నడిస్తే అయిపోతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "రా, ఎంతవరకు వస్తావో రా" అనుకున్నాను, ధైర్యంతో కాదు, హోమ్‌వర్క్‌లో అలా అనమని ఉంది కాబట్టి. తిమ్మిరి పెదాలకి వచ్చింది. వేళ్ళు ముడుచుకోవడం చూస్తూ కూర్చున్నాను, కాల్షియం, కాల్షియం అనుకుంటూ. పక్కనామె ఫోన్‌లో ఎవరితోనో చిట్టీ పాట గురించి గొడవ పడుతోంది. ఎంత పాడారో, ఎవరు ఎగ్గొట్టారో వింటూ ఉండగా ఒకచోట నేను నిజంగానే ఆ గొడవలో పడిపోయాను. అప్పుడు చూసుకుంటే వేళ్ళు వదులయ్యాయి. బస్సు ఇంకా కదల్లేదు.

ఆ రోజుతో అంతా పోయిందని చెప్పను. బాగుంది అనుకున్నాక లిఫ్టులో ఒకసారి, సింహాచలంలో కప్పస్తంభం దగ్గరికి వెళ్ళే క్యూలో ఒకసారి గట్టిగానే వచ్చింది. క్యూలో ఇటూ అటూ రెయిలింగులు, వెనక్కి పోదామన్నా దారి లేదు. నాకదే మేలయింది.

ఇతర విషయాలు కొన్ని. టీ, కాఫీ బాగా తగ్గించాను. కెఫీన్ పానిక్ ఉన్నవాళ్ళలో ఎటాక్ తేగలదు, నా విషయంలో ఖాళీ కడుపున టీ అయితే చెప్పక్కర్లేదు. వారంలో చాలా రోజులు పొద్దున్నే నడుస్తాను, వీలైతే బీచ్ రోడ్డులో వేగంగా. చెమట పట్టడం, గుండె కొట్టుకోవడం మామూలు విషయాలని శరీరానికి రోజూ గుర్తుచెయ్యడం అది. మన ఊరి ఉక్కలో ఈ తేడా తెలియడం చాలా అవసరం. మే నెలలో వైజాగ్‌లో ఏ మనిషికైనా సగం లక్షణాలు ఊరికే ఉంటాయి!

నేను మందులు లేకుండా నెట్టుకొచ్చాను గానీ మందులు వద్దనేవాళ్ళలో లేను. మా కొలీగ్ ఒకావిడకి ఎటాక్స్‌తో పాటు డిప్రెషన్ కూడా ఉంది, సైకియాట్రిస్టు రాసిన ఎస్‌సిటలోప్రామ్‌తో ఆవిడ బాగా కోలుకుంది. అలాంటి మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆపేటప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మందుల షాపులో అడిగి ఆల్ప్రజోలామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర కొనుక్కునే అలవాటు మాత్రం ప్రమాదం. వెంటనే హాయిగా ఉంటుంది, అందుకే వ్యసనంలా పట్టుకుంటుంది. అలాగే మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే ఇది పానిక్కే అని మనకి మనమే తేల్చుకోకూడదు. దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, శ్రమ పడితే పెరిగే నొప్పి, స్పృహ తప్పడం ఉంటే నేరుగా హాస్పిటల్‌కే. సైకాలజిస్టు ఫీజు కట్టలేనివాళ్ళకి, ఎవరికీ తెలియకుండా ముందు ఒకసారి మాట్లాడాలనుకునేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది. 14416కి చేస్తే రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలని చాలామంది అడుగుతారు. మా ఆయన మొదట్లో నాకన్నా ఎక్కువ కంగారుపడేవారు. ఫ్యాను పెంచడం, నీళ్ళు, ఆటో పిలవనా, డాక్టరుకి ఫోను చెయ్యనా. ఆయన కంగారు చూసి నాకు ఇంకా ఎక్కువయ్యేది. మేడమ్ ఆయన్ని కూడా ఒకసారి పిలిచి మాట్లాడారు. ఇప్పుడు పక్కన కూర్చుని "పదికి ఎంత?" అని అడుగుతారు. ఏడంటే ఏడు. "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అనరు, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుందని తెలిసింది. రైతుబజార్లో టమాటా ధర గురించో, పిల్లాడి స్కూలు గొడవ గురించో మాట్లాడతారు, నేను జవాబు చెప్పకపోయినా సరే. చెయ్యి పట్టుకోవచ్చు. మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి నాడి మాత్రం చూడకూడదు. మా ఆయనకి ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.